కుందుర్పి నుంచి నడిచి వచ్చిన హెరాల్డు

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్య పాదాలకు నమస్కరించి రాజ్యలక్ష్మి రాస్తున్న సంగతులు.

కుశలమడిగే ముందు ఒక అపవాదును సరిదిద్దవలసి ఉన్నది. నేను అనంతపురంలో టాక్సీ నడపడం లేదు. మీ వీధి చివరింటివారి అల్లుడు ఆఫీసు పని మీద ఈ ఊరు వచ్చి బస్టాండు ఎదుట నన్ను చూసిన మాట నిజమే. నేను ఒక పాత కారు స్టీరింగు ముందు కూర్చుని ఉన్న మాట నిజమే. అందులోంచి నలుగురు ఆడవాళ్ళు మూటలతో దిగిన మాట, వాళ్ళలో ఒకామె నాతో చాలాసేపు వాదించిన మాట కూడా నిజమే. అతడు చూసినవన్నీ సరైన అంకెలే, కూడిక మాత్రం తప్పింది. వచ్చి పలకరించి ఉంటే నేనే విషయం చెప్పి, కాఫీ ఇప్పించి పంపేదాన్ని. అలా చేయక, పింఛను చాలక పెద్దావిడ బాడుగకు కారు తోలుకుంటోందని నీ చెవిన వేశాడు. నీకు రెండు రోజులు అన్నం సహించలేదని రాశావు. అందుకు నేనే క్షమాపణ చెప్పుకుంటున్నాను, అతడి తరఫున కూడా.

ఇక కుశల ప్రశ్నలు. నీ మోకాళ్ళకు ఆ కొత్త తైలం పనిచేస్తోందా? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగుతున్నావా? మీ అబ్బాయి ప్రసాదుకు రక్తపోటు తగ్గిందా? నేను క్షేమం. నీవు నమ్మవు కనుక మళ్ళీ రాస్తున్నాను, నేను క్షేమం. ఈ వేసవి అంతటిలో పీల్చే మందు వాడవలసి వచ్చింది రెండే సార్లు. బందరులో ఉన్న చివరి ఏడాది రోజుకు రెండుసార్లు వాడేదాన్ని. పక్కగదిలో నా దగ్గు వింటూ నువ్వు లేచి కూర్చునేదానివి.

వచ్చే నెల మొదటి వారంలో ప్రసాదు వ్యాను మాట్లాడుకుని వస్తాడనీ, నన్నూ నా సామాన్లనూ బందరు తీసుకుపోతాడనీ, మేడ మీద గదికి సున్నం కూడా వేయించావనీ రాశావు. ఆ మాట చదివి చాలాసేపు ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఇస్తాను. అయితే కారు సంగతి ముందు చెప్పకపోతే ఆ జవాబు నీకు అర్థం కాదు. కాబట్టి ఓపికగా చదువు. కళ్ళు నొప్పి పుడితే కోడలి చేత చదివించుకో.

ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో భూగోళం చెప్పినదాన్ని. తేమగాలి నా ఊపిరితిత్తులకు ఇక పడదని డాక్టరు అన్నప్పుడు, పొడిగాలి ఎక్కడ ఉంటుందో ఒకరిని అడగవలసిన అవసరం నాకు లేకపోయింది. వర్షచ్ఛాయా ప్రాంతమని నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీతలు గీసి చూపించానో! ఆ గీతల లోపల మనుషులు ఎలా బ్రతుకుతారో మాత్రం ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఈ ఏడాదీ మబ్బులు వచ్చాయి. మా ఇంటి మీదుగానే వెళ్ళాయి. ఆగలేదు. గాలి మాత్రం ఆగకుండా వీస్తుంది. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో అక్షరాలు రాయవచ్చు. వేరుశనగ విత్తనం వేసినవాళ్ళు ఆకాశం వంక చూస్తారు, వేయనివాళ్ళు వేసినవాళ్ళ వంక చూస్తారు.

తిండికి లోటు లేదు. పొద్దున ఉగ్గాని అని, బొరుగులు నానబెట్టి పోపు వేసిన ఫలహారం దొరుకుతుంది. మొదట్లో ముఖం చిట్లించాను, ఇప్పుడు వారానికి రెండుసార్లు నేనే చేసుకుంటున్నాను. సంకటి ముద్దలోకి ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి నంజుకుంటాను. నెయ్యి వేసుకుంటున్నాను. అవును, చాలినంత వేసుకుంటున్నాను.

నీతో అబద్ధమాడను, మొదటి ఏడాది ఒంటరితనం బాధించింది. సాయంకాలం నాలుగు నుంచి ఆరు వరకు ఏం చేయాలో తోచేది కాదు. అలాంటి ఒక సాయంత్రం తపాలాఫీసు ముందు ఇద్దరు మగవాళ్ళు రోడ్డు మీదే తగాదా పడుతూ కనిపించారు. అప్పుడే దాటిపోయిన పాత కారు హెరాల్డు అని ఒకాయన, కాదని ఇంకొకాయన. నేను ఆగి, అది గెజెల్ అనీ, హెరాల్డుకు వచ్చిన తమ్ముడి లాంటిదనీ, ముందున్న జాలీ చూస్తే తేడా తెలుస్తుందనీ చెప్పాను. ఇద్దరూ తగాదా మాని నా వంక చూశారు.

"మేడమ్‌కు కార్లు తెలుసునా?" అన్నాడు పొడుగాయన.

మా నాన్నగారికి హెరాల్డు ఉండేదనీ, దాని మీదే డ్రైవింగు నేర్చుకున్నాననీ చెప్పాను. అంతే, వచ్చే ఆదివారం తమతో రమ్మన్నారు. ఆ విధంగా నాకు స్నేహితులు దొరికారు.

పొడుగాయన ఖాదర్ భాయ్. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇంజను శబ్దం విని దాని వయసు చెబుతాడు. రెండో ఆయన కుళ్ళాయప్ప, అదే డిపోలో కండక్టరు. జిల్లాలోని ప్రతి బస్సు రూటు మీదా పనిచేశాడు గనుక ఏ ఊళ్ళో ఎవరి కొట్టంలో ఏ కారు మూలపడి ఉందో ఆయనకు జ్ఞాపకం. మూడో ఆయన శింగనమల నాగిరెడ్డి. అన్నదమ్ములంతా రాజకీయాల్లో ఉంటే తాను మాత్రం ఒక పాత అంబాసిడరు పెట్టుకుని ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే ఆ అంబాసిడరులో నలుగురం బయలుదేరతాం. ముదిగుబ్బ దారిలో ఒకసారి, కళ్యాణదుర్గం దారిలో ఒకసారి. పశువుల పాకల్లో, మూతపడిన మిల్లుల వెనుక, రేకుల కింద నిలిచిపోయిన కార్లను వెతికి చూస్తాం. ఏ సంవత్సరపుదో, ఆ రంగు కంపెనీది అవునో కాదో గంటల తరబడి వాదించుకుంటాం. ఇంతకీ ఇక్కడే ఇన్ని కార్లు ఎందుకు మిగిలాయని అడిగితే ఖాదర్ భాయ్ చెప్పిన మాట వినదగినది.

"వాన ల్యాక మనుషులు చెడిపోయిరి, ఇనుము బాగుపడె మేడమ్."

మా నలుగురికీ కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. యజమాని రమ్మంటేనే దగ్గరికి పోవాలి. కొంటామని నోరు జారకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కారు ఏ ఊళ్ళో ఉందో బయటివాళ్ళకు చెప్పకూడదు. ఊరి పేరు తెలిసిందంటే వ్యాపారులు దిగి, నెల తిరగకముందే దాన్ని ముక్కలుగా అమ్ముకుంటారట. ఈ కట్టుబాటును నాకు మొదటి రోజే చెప్పారు. తల ఊపాను.

మూడు నెలల క్రితం కుళ్ళాయప్పకు ఒక విషయం గుర్తొచ్చింది. ఎప్పుడో కుందుర్పి బస్సులో డ్యూటీ చేస్తున్న కాలంలో, వెనుకభాగం పొడుగ్గా ఉన్న ఒక వింత కారు హారను కొట్టుకుంటూ బస్సును దాటి పోయేదట. లోపల ఎప్పుడూ ఒక గర్భిణీ స్త్రీ పడుకుని ఉండేదట. ఖాదర్ భాయ్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. హెరాల్డుల్లో అలాంటి పొడుగు కారు, వెనుక పైకి లేచే తలుపుతో ఉన్నది, చాలా కొద్దిగా తయారైంది. మా నలుగురిలో ఎవరూ కంటితో చూడలేదు.

మరుసటి ఆదివారం కుందుర్పి దాటి ఒక చిన్న పల్లెకు పోయాం. నాపరాళ్ళు కప్పిన కొట్టంలో, వేరుశనగ కట్టె వామి పక్కన, గొర్రెల మధ్య ఆ కారు ఉంది. లేత ఆకుపచ్చ రంగు. ఇంటావిడ హనుమక్కకు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువే ఉంటాయి. నడుముకు చెయ్యి ఆనించి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, యాడనుంచి వచ్చినారు? ఓట్లకా?"

"ఓట్లకు కాదక్కా. మీ కారు చూసేకి వచ్చినాము," అన్నాడు కుళ్ళాయప్ప.

"చూసేకి దుడ్లు అడగనులే, చూడండి."

ఆమె భర్త తిప్పేస్వామి ఆ ప్రాంతపు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. ఆమె ఊరు విడిచి వెళ్ళేటప్పుడు కారును అతని పేరున రాసి ఇచ్చి వెళ్ళింది. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ళు అతడు చుట్టుపక్కల పల్లెల నుంచి కాన్పు కష్టమైన ఆడవాళ్ళను కళ్ళదుర్గం ఆసుపత్రికి చేర్చేవాడు. కళ్యాణదుర్గాన్ని ఇక్కడివాళ్ళు అలాగే అంటారు. హనుమక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేది. కారులో వెనుక సీటు లేదు. దాని స్థానంలో ఒక టేకు పలక, దాని నాలుగు మూలలా ఇనుప కొక్కేలు. అది కంపెనీ నుంచే అలా వచ్చిందని నాగిరెడ్డి, వచ్చే అవకాశమే లేదని ఖాదర్ భాయ్ పావుగంట వాదించుకున్నారు. హనుమక్క గొర్రెపిల్లను చంకన పెట్టుకుని ఇద్దరి మాటలూ విని, మలుపుల్లో మనిషి దొర్లిపోకుండా తమ ఆయన వడ్రంగి చేత చేయించినాడని చెప్పింది. ఇద్దరూ వంగి ఆ కొక్కేలు చూశారు. ఆసుపత్రి దాకా ఆగలేక ఆ పలక మీదే పుట్టినవాళ్ళు కూడా ఉన్నారట. ఎంతమందో ఆమె లెక్క పెట్టుకోలేదు. వాళ్ళలో ఒకామెను, ఇప్పుడు మనవలున్న మనిషిని, ఊరంతా కారు లక్ష్మక్క అనే పిలుస్తారు.

అక్కయ్యా, ఇక నా తప్పు చెబుతాను. ఇంటికి వచ్చాక నాకు కాలు నిలవలేదు. ఇంత అరుదైన కారు చూశామన్న గర్వం. ఫోనులో దేశంలోని పాత కార్ల అభిమానులంతా ఉండే ఒక గుంపు ఉంది. అందులో ఫొటో పెట్టి ఊరుకుంటే సరిపోయేది. ముప్పై నాలుగేళ్ళు పిల్లల పటాలకు మార్కులు వేసిన చెయ్యి ఊరుకోలేదు. ఉత్తర దిక్కు బాణం గుర్తు, స్కేలు, కుందుర్పి రోడ్డు, కల్వర్టు, చెరువు కట్ట, వామి, కొట్టం, అన్నీ చక్కగా గీసి, కింద నా పేరు రాసి పెట్టాను. ఊరి పేరు మాత్రం రాయలేదు గనుక కట్టుబాటు తప్పలేదని నాకు నేనే చెప్పుకున్నాను. గుంపులో చాలామంది మెచ్చుకున్నారు. కుళ్ళాయప్ప ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"పటం బాగుండాది మేడమ్," అన్నాడు. "గుడ్డోడు గూడా పోయి చేరతాడు."

పది రోజుల తర్వాత మళ్ళీ హనుమక్క దగ్గరికి పోయేసరికి ఆమె నన్ను చూసి నవ్వింది. నేను పంపిన మనిషి వచ్చి వెళ్ళాడని చెప్పింది. నేనెవరినీ పంపలేదన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నీ చేతిరాతే కదమ్మా ఫోన్లో చూపించినాడు? నీ మనిషే అనుకొని వక్కాకు తీసుకొంటి."

ఇక్కడ వక్కాకు పుచ్చుకున్నారంటే బేరం ముగిసినట్టే. గొర్రెకైనా, పొలానికైనా, పిల్ల పెళ్ళికైనా అంతే. కాగితం మీద సంతకం చేసి మాట తప్పినవాడితో మాట్లాడతారు కానీ, వక్కాకు పుచ్చుకుని తప్పినవాడి ఇంట్లో నీళ్ళు తాగరు. ఆ వచ్చినవాడు బెంగుళూరు వ్యాపారి. నా పటం పట్టుకుని తిన్నగా ఆమె వాకిట్లోకి వచ్చాడు. నా పేరు చూపించాడు. ఆమె నన్ను నమ్మి అతని చేతి ఆకు అందుకుంది. అయితే ఒక్క షరతు పెట్టిందట. చనిపోయే ముందు భర్త కోరిన కోరిక అది.

"బండి నడిచి పోవల్ల అని చెప్పినా. లారీ మింద పీనుగు మాదిరి ఎత్తకపోతే ఒప్పుకోను అని. సరే అవ్వా అన్యాడు, నవ్వినాడు గూడా."

నాలుగు వారాల్లో వస్తానని చెప్పి వెళ్ళాడట.

ఇంటికి వచ్చి ఆ వ్యాపారికి ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. కారును ఒక పెద్ద హోటలు హాలులో నిలబెడతారనీ, వెనుక తలుపు ఎత్తి ఆ పలక మీద ఫలహారాల పాత్రలు అమరుస్తారనీ, అతిథులు వచ్చి వడ్డించుకుంటారనీ చెప్పాడు. ఇంత చక్కని మ్యాపు గీసినందుకు నాకు ధన్యవాదాలు కూడా చెప్పాడు. నా జీవితంలో ఎన్నో నిందలు పడ్డాను అక్కయ్యా, ఏదీ ఆ ధన్యవాదమంత గుచ్చుకోలేదు.

స్నేహితులు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఖాదర్ భాయ్ మాత్రం, ఆమె షరతు ఒక్కటే మన చేతిలో ఉందనీ, బండిని నడిచేలా చేస్తే అది హోటలుకైనా గౌరవంగా పోతుందనీ అన్నాడు. నాలుగు వారాలు వారానికి మూడు రోజులు పల్లెకు పోయాం. హెరాల్డు బానెట్టు నీకు గుర్తుందా, మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు ఒరుగుతుంది, మొసలి నోరు తెరిచినట్టు? దాన్ని ఎత్తితే ఇంజను మీద పిచ్చుకగూడు. ఖాదర్ భాయ్ ప్లగ్గులు ఊడదీసి, లోపల నూనె పోసి, రెండు రోజులు నాననిచ్చి, చేత్తో మెల్లగా తిప్పాడు. పెట్రోలు ట్యాంకు కడిగాడు. బ్రేకులకు కొత్త రబ్బర్లు వేశాడు. కంటి ఆపరేషను అయి నెల కాలేదు గనుక సన్నటి మరలు ఆయనకు కనబడేవి కావు. అవి నేను బిగించాను. నాగిరెడ్డి కాగితాల పనంతా ఆఫీసుల చుట్టూ తిరిగి చూసిపెట్టాడు. కుళ్ళాయప్ప టీ కాచాడు, మా అందరినీ తిట్టాడు.

మూడో వారంలో ఇంజను దగ్గింది. నా దగ్గు లాగే, ఆగి ఆగి. తర్వాత అందుకుంది. గొర్రెలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. హనుమక్క వాటిని పట్టుకోవడం మరచిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఊరి ఆడవాళ్ళు పోగయ్యారు. కారు లక్ష్మక్క డోరు మీద చెయ్యి వేసి "నా పుట్టినిల్లు మాట్లాడె" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగాను.

చెప్పిన వారానికే వ్యాపారి వచ్చాడు. వెంట ఇనుప పలకలు దించే లారీ, ఇద్దరు పనివాళ్ళు. కారును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఇంజను ఒకసారి నడిపి చూసి, వాకిట్లో సిద్ధంగా ఉంచాం. హనుమక్క తాళం చెవి అతని చేతికిచ్చి తోలుకొని పొమ్మన్నది. అతడు నవ్వి, అంత దూరం ఎవరు తోలుతారు, దారిలో గీత పడితే ఎవరిది పూచీ అన్నాడు. ఎలాగూ ఇంజను తీసి పారేసేదే గదా అని కూడా అన్నాడు. లారీ వాళ్ళను ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు.

హనుమక్క అతని ముందుకు వచ్చి నిలబడింది. తాళం చెవి వెనక్కి తీసుకుంది. లోపలికి పోయి, దేవుడి పటం వెనుక దాచిన ఆకు, వక్క తెచ్చింది. ఆకు ఎండి చుట్టుకుపోయి ఉంది. అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"మాట తప్పింది నేను కాదప్పా. పో."

అతడు ధర పెంచాడు. ఆమె గొర్రెలను కట్టేయడానికి పోయింది. మళ్ళీ పెంచాడు. ఆమె వెనక్కి తిరగలేదు. లారీ పలకలు ఎత్తుకుని ఖాళీగా వెళ్ళిపోయింది.

నేను ఆమె వెనుకే కొట్టంలోకి వెళ్ళాను. నీకు తెలుసు, నేను ఎవరికీ క్షమాపణ చెప్పే మనిషిని కాను. ప్రిన్సిపాలుకే చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఆమె ముడి వేస్తున్న తాడు మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే విన్నది.

"దారి చూపేది నీ పని టీచరమ్మా. యాడికి పోవల్లనో చెప్పేది నా పని. ఇపుడు చెప్తాండా, నువ్వు తోలుకొని పో."

తనకు ఇక దాన్ని కాపాడే ఓపిక లేదనీ, తన తర్వాత కొడుకులు పాత ఇనుముకు వేస్తారనీ, నా దగ్గర ఉంటే కనీసం నడుస్తుందనీ చెప్పింది. ఊరికే ఇస్తానన్నది. ఊరికే పుచ్చుకునే అలవాటు నాకు లేదన్నాను. ఆమె చెప్పిన ధరకు ఒప్పుకున్నాను, బేరమాడలేదు. కుళ్ళాయప్ప అంగడికి పోయి ఆకు, వక్క తెచ్చాడు. నా చేత్తో ఇచ్చాను. ఆమె పుచ్చుకుంది.

తోలవలసింది నేనే అయింది. ఖాదర్ భాయ్ కళ్ళకు డాక్టరు అనుమతి లేదు. నాగిరెడ్డి తన అంబాసిడరు తోలుకోవాలి. కుళ్ళాయప్ప జన్మంతా డ్రైవరు పక్కన నిలబడ్డాడే తప్ప స్టీరింగు ముట్టలేదు. నా లైసెన్సు నేను ఎప్పటికప్పుడు పొడిగించుకుంటూనే ఉన్నాను, నువ్వు నవ్వినా. హనుమక్క ముందు కూర్చుంది. అనంతపురం దాకా వచ్చి బస్సులో తిరిగి వస్తామని కారు లక్ష్మక్క, ఇంకో ఇద్దరు అదే పలక మీద కూర్చున్నారు. ఊరు దాటే దాకా వెనుక పిల్లలు పరుగెత్తారు.

అక్కయ్యా, రెండో గేరులో ఆ మూలుగు విన్నావంటే నువ్వు పోల్చుకునేదానివి. మంగినపూడి రోడ్డు మీద నాన్నగారు నాకు నేర్పుతుంటే, వెనుక సీట్లో నువ్వు కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం చదివేదానివి. ఆయన నీ వైపు తిరిగి, 'అమ్మాయ్, దండకం అయ్యాక బ్రేకు కూడా తొక్కమని ఆంజనేయస్వామికి చెప్పు' అనేవారు. ఆ నవ్వంతా తొంభై కిలోమీటర్లు నా చెవుల్లో ఉంది. దారిలో ఒకచోట రేడియేటరు మరిగింది. దగ్గర్లోని కుళాయి దగ్గర ఆడవాళ్ళు రెండు రెండు బిందెలతో వరుసలో ఉన్నారు. అడగడానికి నాకు నోరు రాలేదు. లక్ష్మక్క వెళ్ళి ఏదో చెప్పింది. ఒకావిడ వచ్చి తన రెండో బిందె తానే ఒంపి, మళ్ళీ వరుస చివరికి వెళ్ళి నిలబడింది.

బస్టాండు దగ్గర మీ వీధి అల్లుడు చూసిన వాదన ఇదీ. లక్ష్మక్క ఒక మూట పచ్చి శనక్కాయలు నా ఒళ్ళో పెట్టింది. వాన లేని ఏడు, వాళ్ళ ఇంట్లోకే చాలవని నేను వద్దన్నాను. ఆమె వినలేదు. నేనూ వినలేదు. చివరికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ చేతి మూట కాదంటావా అని అడిగింది. తీసుకున్నాను. బాడుగ కాదు అది. అతడికి చెప్పు.

ఇక నీ వల్ల కావలసినవి రెండు. నాన్నగారి బీరువా కింది అరలో హెరాల్డుతో వచ్చిన పుస్తకం, ఆకుపచ్చ అట్టది ఉంటుంది. పురుగు కొట్టినా సరే పంపించు. ఖాదర్ భాయ్ రోజూ అడుగుతున్నాడు. రెండోది, తొక్కుడు లడ్డు ఒక కిలో. నాకు కాదు, ఈ ముగ్గురికి. బందరు లడ్డు గురించి నేను చెప్పిన గొప్పలు వాళ్ళు నమ్మడం లేదు.

ప్రసాదుకు, కోడలికి నా ఆశీస్సులు. పక్కింటి పిన్నిగారికి, గుడి పంతులుగారికి నమస్కారాలు చెప్పు. చలికాలంలో నువ్వు రావాలి. రైలు దిగేచోటికి నేనే కారు తెస్తాను. ముందు సీటు నీది. కళ్ళు మూసుకున్నా అభ్యంతరం లేదు. నువ్వు పెద్దదానివి, నా తలమీద చెయ్యి పెట్టినట్టు తలుచుకో. నాకు ఇక్కడ తెలుస్తుంది.

ప్రసాదును వ్యాను మాట్లాడవద్దని చెప్పు. సున్నం వేసిన గదిలో నీ మనవరాలిని చదువుకోనివ్వు, దానికి వెలుతురు కావాలి. నువ్వు నన్ను చూసుకుంటావని నాకు తెలుసు, అందులో ఏనాడూ సందేహం లేదు. కానీ అక్కడ నేను దగ్గుతూ నీకు భారంగా ఉండేకంటే, ఇక్కడ ఊపిరి తీసుకుంటూ నీ చెల్లెలిగా ఉంటాను. ఈ ఇంటి అద్దె ఒప్పందం పదకొండు నెలలకోసారి తిరగరాసుకుంటున్నాం. ఈసారి ఐదేళ్ళకు రాయమన్నాను. ఇంటాయన కళ్ళజోడు మీదుగా నా వంక చూశాడు, డెబ్బై మూడేళ్ళ మనిషికి ఐదేళ్ళా అన్నట్టు. చూడనిచ్చాను. నీ మీద అలిగి చేశానని నువ్వు అనుకోకూడదు గనుక ఇదీ చెబుతున్నాను. నేను సంతకం చేసిన నాలుగో రోజున నీ ఉత్తరం వచ్చింది.

నీ చెల్లెలు,
రాజ్యలక్ష్మి